ఎడమవైపు చుక్క

మా సంఘంలో ఎవరైనా నా ఉద్యోగం ఏమిటని అడిగితే మా అమ్మ "కంప్యూటరు" అని చెప్పి మాట మార్చేస్తుంది. వివరంగా చెప్పబోతే అడిగినవాళ్ళు జాలిపడతారని ఆమెకు అనుభవం. ఉన్నదున్నట్టు చెప్పాలంటే, మనుషులు నొక్కిన నొక్కుళ్ళు దారిలో తప్పిపోతే వెతికిపెట్టడం నా పని.

మెయిన్‌లాండ్‌లో ఒక యూనివర్సిటీ ఉంది. అక్కడ మనస్తత్వశాస్త్రం చెప్పే మేడం ఒకరున్నారు. ఆమె ప్రయోగాలకు ఇప్పుడెవరూ ల్యాబ్‌కి వెళ్ళక్కర్లేదు. లింకు పంపితే ఎవరింట్లో వాళ్ళు, ఎవరి ఫోన్‌లో వాళ్ళు చేసేస్తారు. ఆ పేజీ రాసేది నేను. పోర్ట్ బ్లెయిర్ శివార్లలో, ఆస్టినాబాద్‌లో, మా ఇంటి వెనక గదిలో బియ్యం డ్రమ్ముకీ ఇన్వర్టరుకీ మధ్య కూర్చుని రాస్తాను. ఒకరి ఫోన్‌లో ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతుంది. ఒకరి ఫోన్‌లో అసలు పడదు. ఒకరు పులుసు కలుపుతూ తడి వేలితో చేస్తారు. మేడంకి ఇవన్నీ మనిషి మనసు గురించిన సమాచారంలా కనిపిస్తాయి. అది మనసు కాదు మేడం, చింతపండు అని చెప్పడానికి నాకు జీతమిస్తారు.

ఆ వర్షాకాలంలో వచ్చిన ప్రయోగం చూడటానికి చాలా అమాయకమైనది. తెర మధ్యలో కూడిక గుర్తు ఉంటుంది. చూపు దానిమీదే నిలపాలి. ఇంతలో ఎడమవైపో కుడివైపో ఒక నల్లచుక్క మెరిసి మాయమవుతుంది. మెరిసిన వైపు వేలితో తాకాలి. మేడం దాన్ని శ్రద్ధ అంటారు. మా వాళ్ళు దోమలాట అన్నారు. మా ద్వీపంలో ఆ విద్యలో అందరూ పుట్టుకతోనే ఆరితేరినవాళ్ళు కాబట్టి, తెలుగు మాట్లాడేవాళ్ళు, రకరకాల వయసులవాళ్ళు, రకరకాల చవక ఫోన్లవాళ్ళు కావాలని మేడం అడగ్గానే నేను మా తెలుగు సంఘాన్ని అప్పజెప్పేశాను. తాతల కాలంలో కోస్తా నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబాలు మావి. ఇంట్లో సగం హిందీ, గుడిలో పూర్తి తెలుగు. ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ప్రకటనల్లో నా లింకు సంగతి కూడా కలిపి చదివించారు. ఎవరూ కాదనలేదు. ప్రకటనల్లో వచ్చినదాన్ని కాదనడం మాలో లేదు.

ఆ ప్రకటనలు చదివింది పిన్ని. ఆమె మా అమ్మకు చెల్లెలేమీ కాదు. సంఘంలో అమ్మకన్నా కాస్త చిన్నవాళ్ళందరూ పిన్నులే. కానీ పిన్ని అని ఊరికే అంటే అందరికీ గుర్తొచ్చేది ఈవిడే. తుష్నాబాద్‌లో ఇల్లు. రోజూ పొద్దున్నే స్కూటీ మీద పోర్ట్ బ్లెయిర్ వచ్చి ఒక కుట్టుషాపులో స్కూలు యూనిఫాంలు కుడుతుంది. బాబాయ్‌ది ఓడ ఇంజిన్ గదిలో పని, నెలలో ఎక్కువ రోజులు నికోబార్ దారిలోనే. అందుకని పాలకైనా, ఆసుపత్రికైనా, పాటల ప్రాక్టీసుకైనా పిన్నికి కాళ్ళు ఆ స్కూటీయే. నేను హిందీ బడిలో చదివితే నాకు తెలుగు అక్షరాలు నేర్పింది సండేస్కూల్లో ఈవిడే. ఇందులో తప్పులుంటే ఆవిడనే అడగండి.

లింకు పంపిన వారం చివర్లో మేడం ఫోన్ చేశారు. మామూలుగా మెసేజ్ పెట్టే మనిషి ఫోన్ చేస్తే ముందు నా తప్పేదో వెతుక్కుంటాను. సాధారణంగా దొరుకుతుంది.

"అమ్మా, మీవాళ్ళ ఫలితాలు చూశావా?"

"ఇంకా లేదు మేడం. బాగా చేశారా?"

"కుడివైపు బ్రహ్మాండంగా చేశారు. ఎడమవైపు ఎవరూ చేయలేదు."

"ఎవరూ అంటే?"

"ఒక్కరూ చేయలేదమ్మా. మీ ఊళ్ళో ఎవరికీ ఎడమవైపు లేనట్టుంది."

ఫోన్ పెట్టేసి పట్టీలు గీసి చూశాను. మనిషికొక పట్టీ, దానిమీద తగిలిన నొక్కులన్నీ చుక్కలు. కుడి సగమంతా చీమలు పట్టినట్టుంది. ఎడమ సగం ఖాళీ. ముసలి, పడుచు తేడా లేదు. ఖరీదైన ఫోన్, చవక ఫోన్ తేడా లేదు. ఒకే ఆదివారం ఒకే బెంచీల మీద కూర్చున్న మనుషులందరికీ ఒకేవైపు చీకటి పడినట్టుంది. బయట సముద్రం మీంచి మబ్బు లేచి మధ్యాహ్నమే లైటు వేసుకోవాల్సి వచ్చింది. అలాంటి సమయంలో వెన్నులో చలి పుట్టాలంటారు. నాకు పుట్టింది కూడా. తర్వాత చూసుకుంటే ఇన్వర్టరు మీది టేబుల్ ఫ్యాన్ నావైపు తిరిగింది.

అండమాన్‌లో ఏది పోయినా మొదటి ముద్దాయి నెట్‌వర్కు. కానీ నెట్‌వర్కు పోతే రెండువైపులా పోవాలి. ఎడమవైపే పోవడానికి దానికంత రాజకీయ జ్ఞానం లేదు. అందుకని ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, కుశలం అడిగి, తరవాత ఎడమవైపు సంగతి అడగడం మొదలుపెట్టాను.

హార్బరులో పనిచేసే మామయ్య ఒకాయన అన్నాడు: "నొక్కినానమ్మా, గట్టిగా నొక్కినా! తీసుకోదు. పథ్థర్‌ని నొక్కినట్టుంది."

బేకరీ దీదీ అంది: "లెఫ్ట్ సైడ్ టచ్ ఖరాబ్ హై క్యా? రైట్ నొక్కితే ఫట్‌మని పోతాది. లెఫ్ట్ నొక్కితే కుఛ్ నహీ."

పిన్ని అంది: "నొక్కడానికి చుక్క వస్తే కదే! ఎడం పక్కన నీ చుక్కే రావట్లేదు. నీ ఆటే ఖరాబ్."

మూడూ ఒకే ఫిర్యాదు అనుకుని ఒకే వరుసలో రాసుకున్నాను: ఎడమ పనిచేయుట లేదు. ఆ తరవాత రెండు రోజులు ఫోన్లకు వైద్యం చేయించాను. స్క్రీన్ గార్డులు పీకించాను. బ్యాటరీ సేవర్లు ఆపించాను. ఒక బాబాయ్ చేత ఫోన్ ఆపి మళ్ళీ వేయిస్తే ఆయన సిమ్ పిన్ మరిచిపోయి, సాయంత్రం దాకా లోకంతో సంబంధం తెగి కూర్చున్నాడు. ఎడమ సగం మాత్రం అలాగే ఉంది.

కారణం దొరికింది ఆదివారం. ఆరాధన అయ్యాక హాల్లో టీ ఇస్తారు. ఆ టీ దగ్గర కొందరిని కూర్చోబెట్టి, నా ఎదురుగా ఆ ఆట ఆడమన్నాను. అందరూ ఫోన్లు పట్టుకున్నారు. ఎలా పట్టుకున్నారో చూస్తుండగానే నా టీ చల్లారిపోయింది.

మా హాలుకి రెండువైపులా కిటికీలు. సముద్రపు గాలి ఒకవైపు నుంచి వచ్చి రెండోవైపుకి పోతుంది. పోతూ పోతూ పాటల పుస్తకాల పేజీలు తిరగేసి పోతుంది. అందుకని మావాళ్ళు చిన్నప్పటి నుంచీ పుస్తకాన్ని ఎడమ అరచేతిలో పరుచుకుని, ఎడమ బొటనవేలిని పేజీ అంచుమీద మేకులా దిగ్గొట్టి పట్టుకుంటారు. కుడిచెయ్యి తాళానికి. ఇప్పుడు ఫోన్లనూ అంతే. బెంచీ పొడుగునా ఎడమ బొటనవేళ్ళన్నీ తెర ఎడమ అంచున కదలకుండా ఉన్నాయి. చుక్కల పేజీ గాలికి ఎగిరిపోకుండా కాస్తున్నారు పాపం.

నేను రాసిన పేజీలో ఒక జాగ్రత్త ఉంది. వణికే వేలు ఒకసారికి రెండుసార్లు తాకితే రెండూ లెక్కలో పడకుండా, ఏ సగం మీదైనా ఒక వేలు ఆనించి ఉంటే, అది లేచేదాకా ఆ సగం ఇంకో వేలిని ఒప్పుకోదు. ఎడమ సగం మీద బొటనవేలు ఎప్పటికీ లేవలేదు. కాబట్టి ఎడమ సగం ఎవరినీ ఒప్పుకోలేదు.

"అయితే తప్పు మా బొటనవేలిదా, నీ పేజీదా?" అన్నారు అయ్యగారు.

"గాలిది అయ్యగారూ."

హాలంతా నవ్వింది. మామయ్య తన బొటనవేలిని అందరికీ చూపించి, "ఇంతకాలం పాటని పట్టుకున్న వేలు, ఇప్పుడు మేడంని పట్టుకుంది!" అన్నాడు. పిన్ని కూడా నవ్వింది. నేను ఆమె ఎడమపక్కనే నిలబడి ఉన్నాను. "ఇంతకీ ఆ పిల్ల ఏదే?" అని కుడివైపు చూస్తూ అడిగింది. పక్కనున్న దీదీ నన్ను చూపిస్తే ఇటు తిరిగి, "ఓసి, ఇక్కడే ఉన్నావేటి," అంది. దానికి కూడా అందరం నవ్వాం. ఆ రోజు మేం దేనికైనా నవ్వేలా ఉన్నాం.

ఇంటికెళ్ళి పేజీ సరిచేశాను. అంచుమీద ఊరికే ఆనించిన వేలిని వదిలేసి, కొత్తగా తాకిన వేలినే లెక్కపెట్టేలా రాశాను. ఇంకెప్పుడూ గుడ్డిగా వెతుక్కోకుండా, లెక్కలో పడ్డా పడకపోయినా, తెరకి తగిలిన ప్రతి స్పర్శా విడిగా నమోదయ్యేలా కూడా పెట్టాను. అందరికీ మళ్ళీ లింకు పంపాను. బుధవారానికల్లా ఫలితాలొచ్చాయి. ఒక్కో పట్టీ తెరుస్తుంటే ఎడమ సగాలు నిండిపోయి కనిపించాయి. మామయ్యది నిండింది. బేకరీ దీదీది నిండింది. సిమ్ పిన్ మరిచిపోయిన బాబాయ్‌ది కూడా నిండింది. సంఘానికి ఎడమవైపు తిరిగొచ్చిందని మేడంకి మెసేజ్ టైపు చేస్తూ ఇంకో పట్టీ తెరిచాను.

దాని ఎడమ సగం ఖాళీ.

పట్టీల మీద పేర్లుండవు, అంకెలే ఉంటాయి. కానీ ఆ పట్టీ మీదున్న వేళకి నాకు చెప్పి ఆడింది పిన్ని ఒక్కతే. "ఇప్పుడు చేస్తున్నానే, సూడు" అని మెసేజ్ పెట్టి మరీ ఆడింది. తప్పించుకోవడానికి వీల్లేకుండా ఆ పట్టీ ఆమెదే.

మళ్ళీ బొటనవేలే అయుంటుందని కొత్తగా పెట్టిన స్పర్శల నమోదు తెరిచాను. బొటనవేలు ఉంది, ఎడమ అంచున, మేకులాగే. కుడివైపు తాకిన వేలు ఉంది. ఎడమవైపు చుక్క మెరిసిన ఒక్కసారి కూడా ఏ వేలూ తెరమీదికి రాలేదు. నొక్కితే పోయినవి కావు అవి. అసలు నొక్కనివి. అప్పుడు గుర్తొచ్చింది. అందరూ "నొక్కితే తీసుకోవట్లేదు" అన్నారు. ఆమె ఒక్కతే "చుక్క రావట్లేదు" అంది.

నా వృత్తిలో ఒక సుఖం ఉంది. ఒక్కో కారణం కాదని తేలేకొద్దీ అసలు కారణానికి దగ్గరవుతాం, అదొక ఆనందం. ఆ బుధవారం మొదటిసారి ఏ కారణమూ కాదని తేలకూడదని కోరుకున్నాను. పాత ఫోన్ అయుండాలి. పగిలిన గాజు అయుండాలి. తడి అయుండాలి, చింతపండు అయుండాలి. పోయిన ఆదివారం ప్రకటనలు చదువుతూ ఆమె ప్రతి పంక్తిలో మొదటి మాటలు మింగేసిన సంగతి కూడా అప్పుడే గుర్తొచ్చింది. "యువజనుల కూటమి శనివారం" అని ఉంటే "కూటమి శనివారం" అని చదివింది, కింది పంక్తికి వెళ్ళబోయి తడబడింది. కళ్ళజోడు మార్చు పిన్నీ అని వెనకనుంచి ఎవరో అరిచారు. ఆ ఎవరో నేనే. పాటలు మాత్రం ఎక్కడా తప్పలేదు. అవి ఆమెకు కంఠతా వచ్చు, పుస్తకం చేతిలో ఉండటం మర్యాద కోసం.

శనివారం మధ్యాహ్నం తుష్నాబాద్ బస్సెక్కాను. "ఫోన్ బాగుచెయ్యడానికి వస్తున్నా" అని చెప్పాను. దారంతా వాన. చౌల్దారీ దాటాక రోడ్డు మలుపులు తిరుగుతుంటే బస్సు ఎడమ అంచున ఏమేముంటాయో మొదటిసారి లెక్కగట్టినట్టు చూశాను. గొడుగు వేసుకుని నడిచేవాళ్ళు, పేడ, కాలువ, ఆవులు, బడి నుంచి వచ్చే పిల్లలు. మన దేశంలో బండ్లు ఎడమవైపు నడుస్తాయి. ఎవరు పెట్టారో గానీ ఆ నియమం మీద నాకు చాలా కోపమొచ్చింది.

పిన్ని ఇంటి ముందు స్కూటీ తడవకుండా రేకు కింద ఉంది. ఎడమ అద్దం లేదు. దాని కాడ మాత్రం చేతి వేలిలా బయటికి పొడుచుకుని ఉంది. ఎడమవైపు పెయింటు పొడుగునా గీసుకుపోయింది.

"ఏటైంది పిన్నీ, అద్దం?"

"ఎవడో గుద్దేసి పోనాడే. షాపు ముందర పెడితే సాలు, ఎవడో ఒకడు రాసుకుంటా పోతాడు. ఈ గుమ్మం కూడా అంతే, సూడు, ఎప్పుడు సూసినా నా భుజానికే తగులుతాది. ఇల్లు ముసిల్దైపోనాది." ఎడమ మోచేతి పైన వాచిన చోట చూపించి నవ్వింది. "చాయ్ తాగుతావా, ముందు ఫోన్ సూస్తావా?"

"ముందు ఫోన్."

ఫోన్ తీసుకుని గాజు తుడిచాను. స్క్రీన్ గార్డు పీకేశాను. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, మధ్యలో గుర్తునే చూడమని, కదలొద్దని చెప్పి ఆడించాను. కుడివైపు చుక్కలన్నిటినీ తాకింది, చకచకా, సూది గుచ్చినట్టు. ఎడమవైపు మెరిసినప్పుడల్లా ఊరికే కూర్చుంది. నేను పక్కనుంచి చూస్తున్నాను, చుక్క వస్తోంది, పోతోంది. ఆమె ముఖంలో ఏమీ లేదు. బోరు కొట్టినప్పటి ముఖం.

నా ఫోన్ ఇచ్చాను. దాంట్లోనూ అంతే.

ఇక మిగిలింది ఒకే పరీక్ష. ఆమె ఫోన్‌ని తలకిందులుగా తిప్పి ఇచ్చాను. తప్పు గాజులో ఉంటే, ఇంతకుముందు ఎడమన ఉన్న చచ్చిన సగం ఇప్పుడు కుడిచేతివైపుకి రావాలి. చాలా సులువైన పరీక్ష. ఎల్‌కేజీ పిల్లలకి కూడా అర్థమవుతుంది. పిన్ని మళ్ళీ ఆడింది. గాజు తిరిగింది. ఖాళీ తిరగలేదు. ఆమె ఎడమవైపే ఉంది.

"ఏటే, అలా నిలబడిపోయావ్? బాగైందా?"

"చూస్తున్నా పిన్నీ. నువ్వు చాయ్ పెట్టు."

వసారాలోకి వెళ్ళి మేడంకి ఫోన్ చేశాను. సిగ్నల్ కోసం అరుగు చివరికి జరిగితే రేకు మీది నీళ్ళు సరిగ్గా నా మెడ మీదే పడుతున్నాయి. జీవితంలో గంభీరమైన ఫోన్లన్నీ నాకు ఇలాంటి చోట్లే కుదురుతాయి. చేసిన పరీక్షలన్నీ వరుసగా చెప్పాను. ఫోన్ తిప్పిన సంగతి రెండుసార్లు చెప్పించుకున్నారు. లైను తెగితే బాగుండనిపించింది.

"ఎవరో నాకు చెప్పకు," అన్నారు చివరికి. "నేను డాక్టర్ని కాను. ఒక ఆట చూసి ఎవరికీ ఫలానా జబ్బుందని చెప్పకూడదు మనం. అర్థమవుతోందా?"

"అవుతోంది మేడం."

"ఆవిడ బండి నడుపుతారా?"

"రోజూ."

"ఇవాళ్టి నుంచి నడపకూడదు. కళ్ళ డాక్టరు కాదు, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళు. రేపు కాదు." తరవాత ఇంకో గొంతుతో అన్నారు: "అమ్మా, నువ్వు జోకులేయకపోతే నాకు భయంగా ఉంది."

నాకూ అలాగే ఉంది మేడం అని అనలేదు. నీళ్ళు మెడ మీద పడుతున్నాయని చెప్పాను.

లోపలికి వచ్చేసరికి పిన్ని చీర మార్చుకుని, స్కూటీ తాళం చేతిలో పట్టుకుని సిద్ధంగా ఉంది. రెండు చాయ్ గ్లాసులు బల్లమీద ఉన్నాయి. "తాగేసి రా. ప్రాక్టీసుకి ఎల్తన్నాను కదా, నిన్ను మీ ఇంటికాడ దింపేసి పోతాను. మబ్బేసింది, జల్దీ చీకటి పడిపోతాది."

మా ద్వీపంలో సూర్యుడికి తొందర ఎక్కువ. మెయిన్‌లాండ్ వాళ్ళు సాయంత్రం టీ పెట్టుకునే వేళకి ఇక్కడ చీకట్లో దోమలు కొడుతుంటాం. ఆ చీకటి, ఆ తడి రోడ్డు, ఆ మలుపులు, ఎడమ అద్దం లేని బండి.

"బస్సులో పోదాం పిన్నీ."

"బస్సా? పాగల్ అయిపోనావా? బండి పెట్టుకుని బస్సెందుకే?"

"నాకు స్కూటీ ఎక్కితే వాంతులు."

"పోయిన నెల నా ఎనకాల కూకుని కోన్ ఐస్‌క్రీం తిన్నావ్, మూతి కూడా తుడుసుకోకుండా."

జోకు పనిచేయలేదు. అప్పటిదాకా నా జీవితంలో వేరే పనిముట్టు ఏదీ వాడిన అలవాటు లేదు. కుర్చీ లాగి ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"పిన్నీ, ఒక్క నిమిషం. నా ముక్కే చూడు. వేరేవైపు చూడొద్దు."

"నీ ముక్కులో సూడ్డానికేటుందే."

"చూడు. ఇప్పుడు చెప్పు, నా చేతి వేళ్ళు ఎన్ని లేపాను?"

నా కుడిచెయ్యి పైకెత్తి ఉంది. ఎదురుగా కూర్చున్నాను కాబట్టి అది ఆమెకు ఎడమవైపు. వేళ్ళన్నీ విప్పి ఊపుతున్నాను కూడా. ఎడమచెయ్యి నా ఒళ్ళో ఉంది.

ఆమె నా ముక్కునే చూస్తోంది. చెప్పిన పని శ్రద్ధగా చేసే మనిషి.

"ఏ చెయ్యే?" అంది.

నేను వేళ్ళు ఊపుతూనే ఉన్నాను. ఆమెకు నా ముఖంలో ఏం కనిపించిందో, మెల్లిగా తల ఎడమవైపుకి తిప్పింది. తలుపు చాటునుంచి మనిషి వచ్చినట్టు నా చెయ్యి ఆమె చూపులోకి వచ్చిందని నాకు తెలిసింది, ఎందుకంటే ఆమె ఉలిక్కిపడింది.

"ఇదెప్పుడు లేపినావ్?"

"ఇందాకట్నుంచీ ఊపుతున్నా పిన్నీ. చెయ్యి నొప్పెడుతోంది."

ఒక కన్ను మూసి చూసింది. రెండోది మూసి చూసింది. ముక్కు చూసింది, చెయ్యి పోయింది. తల తిప్పింది, చెయ్యి వచ్చింది. ఎవరూ చెప్పకుండా తనంతట తనే అన్నివిధాలా వెతికింది, నేను ఫోన్‌లో వెతికినట్టే. తరవాత గుమ్మం వైపు చూసింది. మోచేతి మీద వాపు తడుముకుంది. బయట రేకు కింద స్కూటీ వైపు చూసింది.

"మరి నేను రోజూ..." అని ఆగిపోయింది.

ఆ వాక్యాన్ని పూర్తిచేయడానికి నాకు మాటలు వచ్చు. ఆమే నేర్పింది. పూర్తిచేయలేదు.

"పొద్దున్న, స్కూలు పిల్లలు కూడా అటేపే నడుస్తారే," అంది కాసేపయ్యాక, చాలా చిన్నగా. స్కూటీ తాళం నా ఒళ్ళో పెట్టింది. చాయ్ గ్లాసులు కడిగి బోర్లించి, పర్సు తీసుకుని, గొడుగు నా చేతికిచ్చింది. "చల్. బస్సు ఎప్పుడుందో సూడు."

ఆసుపత్రి సంగతి పొడిగించను. బల్లలమీద కూర్చోవడం, ఫ్యాన్ కింద చోటు కోసం పోట్లాడుకోవడం అందరికీ తెలిసినవే. యంత్రంలో తల పెట్టి ఫొటోలు తీశారు. డాక్టరు కుర్రవాడు, హిందీలో మర్యాదగా చెప్పాడు. కళ్ళు బాగానే ఉన్నాయి. తల వెనకభాగంలో, కుడిపక్క, రక్తం అందక కొంత మేర పాడైంది. ఆ మేర ఎడమవైపు చూడటానికి పనికొచ్చేది. ఎప్పుడు జరిగిందో తెలియదు, ఏదో ఒక పొద్దున తలనొప్పిలా వచ్చి పోయుంటుంది. రక్తపోటు చూసి ఆయన కనుబొమలు పైకి లేచాయి. మాత్రలు రాశాడు. పోయినది తిరిగి రావడం కష్టం అన్నాడు. ఇంకోటి రాకుండా చూసుకోవడమే ఇప్పుడు ముఖ్యం, వస్తే ఇంత చిన్నగా రాకపోవచ్చు అన్నాడు.

పిన్ని అంతా విని ఒకే ప్రశ్న అడిగింది: "స్కూటీ?"

"నహీ, ఆంటీజీ."

"ధీరే ధీరే భీ నహీ?" మెల్లగా నడిపినా కుదరదా అని.

"ధీరే ధీరే భీ నహీ."

బయటికొచ్చాక నన్ను చూసి, "నీ దిక్కుమాలిన దోమలాట," అంది. అప్పుడు ఏడ్చింది. నేను గొడుగు పట్టుకుని నిలబడ్డాను. ఆసుపత్రి వరండాలో గొడుగెందుకని ఒక ఆయా అడిగింది. అలవాటు అన్నాను.

బాబాయ్ ఓడ దిగిన రోజే స్కూటీని ఎవరికో ఇచ్చేశాడు. పిన్ని రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడోరోజు, ఇంజిన్ గది అలవాటుతో ఆయన అరిచే అరుపులకు చెవులు నొప్పెట్టి మాట్లాడింది. మేడం ఆ పట్టీని ప్రయోగం లెక్కలోంచి తీసేయమన్నారు, నియమం అదే. తీసేశాను. మిగిలిన పట్టీలు చాలా బాగున్నాయట. నేను మాత్రం ఇప్పుడు ఎక్కడ ఒక నొక్కు కనబడకపోయినా తీరిగ్గా కూర్చోలేను. ముందు ఆ మనిషికి ఫోన్ చేసి, చుక్క వచ్చిందా, రాలేదా అని అడుగుతాను. వచ్చింది, నొక్కితే తీసుకోలేదు అంటే, బూతులు తిట్టినా నాకు పండగే.

నెలకోసారి పిన్నిని పరీక్షకు తీసుకెళ్ళి తీసుకొస్తాను. పోయినసారి తిరుగు ప్రయాణంలో బస్సులో ఆమెకు ఎడమపక్క, కిటికీ దగ్గర కూర్చున్నాను. రక్తపోటు మళ్ళీ ఎక్కువే ఉంది. మాత్ర మార్చారు. డాక్టరు ఈసారి మాతో పెద్దగా మాట్లాడలేదు, కాగితం మీద చాలాసేపు రాశాడు. నాకది నచ్చలేదు. ఏం మాట్లాడాలో తోచక బయటికి చూస్తూ కూర్చున్నాను. అప్పుడే చీకటి దిగుతోంది.

పిన్ని చెయ్యి చాపి నా మోకాలు తడిమింది. మొదట సీటు తగిలింది, తరవాత నేను.

"ఉన్నావా?"

"ఇక్కడే ఉన్నా కదా పిన్నీ."

"నువ్వు నోరు మూసుకుంటే ఉన్నావో దిగిపోయావో నాకు తెల్దే. ఏదోటి వాగు."

కిటికీలో ఏది కనబడితే అది చెప్పడం మొదలుపెట్టాను. కోళ్ళ దుకాణం. మూసేసిన సిమెంటు గోడౌను. ఇద్దరాడవాళ్ళు, ఒకే గొడుగు. కాలువ. అరటితోట, దాని కంచెమీద ఎవరిదో చొక్కా ఆరేసి ఉంది, తీయడం మరిచిపోయినట్టున్నారు. ఒక గేదె.

"గేదె ఏటి సేస్తంది?"

"రోడ్డు మీదికొచ్చి మనల్నే చూస్తోంది."

"డ్రైవరుకి కనబడిందా?"

బస్సు నెమ్మదించి, కాస్త కుడికి తిరిగి, దాన్ని దాటింది.

"కనబడింది."

"అచ్ఛా," అంది పిన్ని. సీటుకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. "చెప్పు. ఇంకా?"